లెక్క తేలని ముక్క

భారతదేశ మోటారు వాహనాల చరిత్రలో గ్రేటర్ నోయిడాకు చిన్నదైనా స్పష్టమైన స్థానం ఉన్నది. ఈ పట్టణ నిర్మాణం కోసం 1991లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేక ప్రాధికార సంస్థను నెలకొల్పింది. అంతకు పూర్వమే, 1980ల దశకంలో, ఇక్కడి సూరజ్‌పూర్‌లో డి.సి.ఎం. టయోటా కర్మాగారం తేలికపాటి సరకు వాహనాలను తయారు చేసింది. తరువాత దేవూ సంస్థ చేతికి వచ్చిన ఆ కర్మాగారం నుంచి 1995లో సియెలో, 1998లో మాటిజ్ కార్లు వెలువడినాయి. 1997లో హోండా కర్మాగారం కూడా ఇక్కడ ఉత్పత్తి ప్రారంభించింది. దేవూ మూతపడి రెండు దశాబ్దాలు దాటింది. హోండా 2020 డిసెంబరులో ఇక్కడి కార్ల తయారీని నిలిపి, దానిని రాజస్థాన్‌లోని తపూకరాకే పరిమితం చేసింది.

తయారీ వెళ్లిపోయినా మరమ్మతు వెళ్లిపోలేదు. కాస్నా, సూరజ్‌పూర్, దాద్రీ పరిసరాలలో రేకుల కప్పుల కింద నడిచే చిన్న షెడ్లలో కార్ల బానెట్లు ఉదయం నుంచి తెరుచుకునే ఉంటాయి. కర్మాగారంలో ప్రతి పనికీ ముందే రాసిపెట్టిన క్రమం ఉంటుంది. షెడ్డులో ఆ క్రమాన్ని మనిషి తన మనసులో దాచుకోవాలి. ఆ క్రమశిక్షణకు అసలైన పరీక్ష ఇంజను లోపల ఒక విరిగిన ముక్క జారిపడినప్పుడు ఎదురవుతుంది.

ఇంజను లోపలి స్థలం ఎంత ఇరుకైనదో బయటివారికి ఊహకు అందదు. పిస్టను పైకి వచ్చినప్పుడు దానికీ, పైనున్న సిలిండరు హెడ్డుకూ మధ్య కొన్నిచోట్ల మిగిలే ఖాళీ సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజనులో ప్రతి పిస్టనూ సెకనుకు 50 పర్యాయాలు ఆ ఇరుకులోకి వచ్చి వెళుతుంది. అక్కడ బియ్యపుగింజంత గట్టి పదార్థం చిక్కినా పిస్టను తల సొట్టపోతుంది, వాల్వు వంగుతుంది, సిలిండరు గోడ గీరుకుపోతుంది. నట్టో వాషరో టైమింగు చెయిను వైపు పడితే ప్రమాదం మరో రూపం దాలుస్తుంది. అది చెయినుకూ పళ్లచక్రానికీ నడుమ చిక్కి చెయిను తెగితే, అనేక ఇంజనులలో వాల్వులూ పిస్టన్లూ పరస్పరం ఢీకొంటాయి. అయితే ఈ నష్టాలలో ఏదీ ముక్క పడిన క్షణాన జరగదు. తాళంచెవి తిప్పిన క్షణాన జరుగుతుంది. ఆ రెండు క్షణాల మధ్య కాలం మనిషి అధీనంలోనే ఉంటుంది.

గ్రేటర్ నోయిడాలోని అటువంటి ఒక షెడ్డుకు ఒక శీతాకాలపు ఉదయం ఒక తెలుగు అధ్యాపకుడు తన పాత పెట్రోలు కారును తీసుకువచ్చాడు. బెజవాడ నుంచి వస్తున్న తల్లిదండ్రులను ఆ సాయంత్రం స్టేషను నుంచి ఇంటికి తీసుకురావలసి ఉన్నది. స్పార్కుప్లగ్గులు మార్చడం అరగంట పని. షెడ్డు యజమాని బులంద్‌షహర్ ప్రాంతం నుంచి వచ్చిన వృద్ధ మేస్త్రీ; అందరికీ ఆయన ఉస్తాదు. పనికి దిగినవాడు ఇరవై ఏళ్ల శిష్యుడు.

మొదటి రెండు ప్లగ్గులు సులువుగా వచ్చాయి. మూడవది బిగుసుకుపోయింది. పానా కొద్దిగా పక్కకు ఒరిగేసరికి ప్లగ్గు పైభాగంలోని తెల్లని పింగాణీ పెళుసుగా విరిగింది. అప్పటికీ విరిగినది ప్లగ్గు గుంటలోనే ఉన్నది. గాలి గొట్టంతో గుంటను శుభ్రపరచిన తరువాతనే లోహభాగాన్ని విప్పడం పద్ధతి. యువకుడు తొందరలో దానిని ముందే విప్పాడు. మూత తొలగిన రంధ్రం గుండా పింగాణీ పలుకులు సిలిండరులోకి జారాయి.

చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. కొత్త ప్లగ్గు బిగించి మాట్లాడకుండా ఉండిపోయే అవకాశం అతని చేతిలోనే ఉన్నది. కొంతసేపు తటపటాయించి అతడు అన్నాడు: “ఉస్తాద్‌జీ, ముక్క లోపల పడింది.”

ఉస్తాదు చేసిన మొదటి పని కారు తాళంచెవి తీసి తన చొక్కా జేబులో వేసుకోవడం. రెండవ పని, నేలపై తెల్లని గుడ్డ పరచి, దొరికిన ముక్కలన్నిటినీ దానిపై పెట్టమనడం. “ఎవరు పడేశారు?” అని ఆయన అడగలేదు, “ఎన్ని ముక్కలు?” అని మాత్రమే అడిగాడు. పురావస్తు తవ్వకాలలో పగిలిన కుండపెంకులను అతికి పాత్ర ఆకారాన్ని తెలుసుకున్నట్లే, ఆయన ఒక కొత్త ప్లగ్గును పక్కన నిలిపి, విరిగిన అంచులను ఒకదానితో ఒకటి కలిపి చూశాడు. రెండు చోట్ల లోటు కనిపించింది. ఒకటి గోరంత, మరొకటి బియ్యపుగింజంత.

అధ్యాపకుడు గడియారం చూసుకుని అన్నాడు: “చిన్న ముక్కే కదా భాయీ, ఒకసారి స్టార్టు చేస్తే పొగగొట్టం గుండా బయటకు పోదా?”

“పోవచ్చు మాస్టర్‌జీ. పోయేటప్పుడు దేనిని పాడుచేసి పోతుందో నేను చెప్పలేను.”

ఇనుప ముక్క అయితే అయస్కాంతపు కడ్డీ చాలు. పింగాణీకి, అల్యూమినియానికి అయస్కాంతం పనికిరాదు. సన్నని తీగ చివర అమర్చిన కెమెరాను ప్లగ్గు రంధ్రం గుండా దింపితే, సగం కిందికి దిగి ఉన్న పిస్టను తలపై గోరంత ముక్క ఫోను తెరమీద కనబడింది. పీల్పు యంత్రానికి సన్నని రబ్బరు గొట్టం తగిలించి ముందుగా నలుసులను లాగారు. పెద్ద ముక్క అంచున ఒదిగి కదలలేదు. కడ్డీ చివర గ్రీజు అద్ది, నాలుగైదు ప్రయత్నాల తరువాత దానిని అంటించి పైకి తెచ్చారు. గుడ్డమీద అది తన ఖాళీలో సరిగ్గా అమరింది. బియ్యపుగింజంత లోటు మాత్రం మిగిలింది.

కెమెరాకు అది దొరకలేదు. ఇక సిలిండరు హెడ్డు విప్పాలి. అంటే కొత్త గ్యాస్కెట్టు, రెండు రోజుల పని, వేల రూపాయల ఖర్చు. అధ్యాపకుని ముఖంలో చికాకు, శిష్యుని ముఖంలో భయం కమ్ముకున్నాయి. ఉస్తాదు తొందరపడలేదు. హెడ్డుకు పానా పెట్టే ముందు వాడిన పనిముట్లన్నిటినీ ఒక్కొక్కటిగా గుడ్డమీద దులపమన్నాడు. ప్లగ్గు పానా లోపల పట్టు కోసం ఉండే రబ్బరు వలయంలో ఆ చివరి పలుకు ఇరుక్కుని ఉన్నది.

అంతటితోనూ ఆయన తాళంచెవి ఇవ్వలేదు. మరొకసారి పీల్పు పెట్టించి, కెమెరాతో మూలమూలలా చూసి, ప్లగ్గులు లేకుండానే క్రాంకు చక్రాన్ని పానాతో చేతిమీద రెండు పూర్తి చుట్లు తిప్పాడు. నాలుగు ఘాతాల ఇంజనులో ఒక పూర్తి ఆవర్తనానికి రెండు చుట్లు కావాలి. ఎక్కడా పట్టినట్లు తోచకపోయాకనే ఇంజను స్టార్టు అయింది. అరగంట పనికి నాలుగు గంటలు పట్టాయి. ఉస్తాదు ప్లగ్గుల మార్పిడికి మాత్రమే డబ్బు తీసుకున్నాడు. శిష్యుని కూలిలో కోత పెట్టలేదు.

ముక్క లెక్క తేలే వరకు పని ముగియనట్లేనన్న ఈ నియమం షెడ్లకు మాత్రమే చెందినది కాదు. 1980 సెప్టెంబరు 18న అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రం, డమాస్కస్ సమీపంలోని క్షిపణి స్థావరంలో, మరమ్మతు చేస్తున్న సిబ్బంది చేతి నుంచి సుమారు 3.6 కిలోల పానా బుడ్డి ఒకటి జారి, దాదాపు 21 మీటర్ల లోతుకు పడి, టైటాన్ క్షిపణి ఇంధన తొట్టెను చీల్చింది. మరునాటి తెల్లవారుజామున క్షిపణి పేలి ఒక సైనికోద్యోగి మరణించాడు. విమానాల మరమ్మతు శాలలలో ప్రతి పనిముట్టుకూ దాని ఆకారాన్ని గీసిన గూడు ఉంటుంది. గూడు ఖాళీగా ఉంటే విమానం కదలరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో వెలువరించిన శస్త్రచికిత్స భద్రతా సూచికలోనూ, రోగిని గది దాటించక ముందు పనిముట్లనూ దూది పట్టీలనూ లెక్కించి బిగ్గరగా చెప్పాలన్న అంశం ఉన్నది.

అయితే లెక్క పుట్టేది ఒక మనిషి నోటి మాట నుంచి. ముక్క పడిన సంగతి మొదట తెలిసేది, సాధారణంగా, ఆ చోట అందరికంటే చిన్నవానికి, తక్కువ కూలి అందుకునేవానికి. చెప్పినందుకు తిట్లు, కూలి కోత తప్పవని తెలిస్తే వాడు మౌనం వహిస్తాడు. ఇంజను ఆ మౌనాన్ని క్షమించదు. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చేది అక్కడే. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, కాస్నా మార్గంలోనైనా పనివిద్య గురువు నుంచి శిష్యునికి చేతిమీదుగానే అందుతుంది. ప్లగ్గు విప్పే ఒడుపుతోపాటు “లోపల పడింది” అని చెప్పగల ధైర్యం కూడా ఆ విద్యలో భాగమే. ఆ ధైర్యాన్ని శిష్యునిలో నిలపవలసిన బాధ్యత గురువుది. ఆలస్యాన్ని ఓర్చుకోవలసిన బాధ్యత బండి యజమానిది.