సావుకారు కట్టిన సగం

శ్రీకాకుళం జి.టి. రోడ్డులోని బట్టల కొట్లో 2021లో పని మానేసినప్పుడు నాకు గ్రాట్యుటీ కింద లక్షా ఐదు వేలు వచ్చాయి. ఆఖరి నెల జీతం 14,000. దాన్ని 26తో భాగించి, 15తో హెచ్చవేసి, పదమూడేళ్ల సర్వీసుతో మళ్లీ హెచ్చవేస్తే సరిగ్గా అంతే. అప్పుడు అమల్లో ఉన్న 1972 నాటి చట్టం ప్రకారం పది మందికి తగ్గకుండా పనిచేసే చోట ఐదేళ్లు నిండినవాళ్లకి అది హక్కు. హక్కే, కాదనను. కానీ చీరల కౌంటరు దగ్గర నిలబడే మనిషికి అడక్కుండానే చెక్కు రాసిచ్చే యజమాని ఎంత అరుదో కొట్లలో పనిచేసినవాళ్లని అడగండి, చెబుతారు.

మా నాన్న సోంపేట దగ్గర ఒక భూస్వామి బుగత ఇంట్లో కంబారి, అంటే ఏడాదికి కుదిరే పాలేరు. ఏడాది కూలి ధాన్యంగా కొలిచేవారు. చేతికి రాకముందే అందులో చాలా వరకు పాత బాకీ కింద పోయేది. కొత్త ఏడాది కొత్త బాకీతో మొదలయ్యేది. అన్నేళ్లు ఒళ్లు వంచినందుకు ఆయన పేరు మీద ఒక్క కాగితం ముక్క లేదు.

2008లో నేను చేరినప్పుడు జీతం 2,500. మొదటి నెలే పీఎఫ్ కింద పన్నెండు శాతం, అంటే 300 కోశారు. కొత్తగా చేరిన కుర్రాళ్లందరం గొణుక్కుంటుంటే కొట్టు యజమాని సావుకారుగారు కౌంటరు దగ్గరికే వచ్చారు. “నీ మూడొందలకి నా మూడొందలు కలుస్తాయిరా నాయనా. బయట ఎవడిస్తాడు నీకు?” అని, చీర అట్టపెట్టె వెనక లెక్క వేసి చూపించారు. ఆయన కట్టే 300లో 208 పింఛను పథకానికి, మిగతా 92 మా పీఎఫ్ ఖాతాకి. పదేళ్లు నిండితే 58వ ఏట నుంచి నెలనెలా పింఛను. పెళ్లిళ్లకనీ అప్పులకనీ ఉద్యోగం మానేసి మొత్తం తీసేసుకునే కుర్రాళ్లని కూర్చోబెట్టి ఇదే లెక్క మళ్లీ మళ్లీ చెప్పేవారు. అందరూ విన్నారని కాదు. నేను విన్నాను.

డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ కౌంటరు నాకు నేర్పిన పని వేరు. జీడిపిక్కల కోత డబ్బు చేతికొచ్చే రోజులూ పెళ్లి ముహూర్తాలూ ఒకేసారి పడతాయి. ఉద్దానం ఆడవాళ్లు నలుగురైదుగురు కలిసి బస్సు దిగేవారు. ఎంతలో చూపించమంటారని అడక్కూడదు, అది ఆయన నియమం. ముందు మంచినీళ్లు ఇవ్వాలి, పెళ్లి ఎవరిదో కనుక్కోవాలి, తరవాత మూడు ధరల చీరలు విప్పాలి. పెద్దావిడ చెయ్యి ఏ చీర అంచు తిరగేసి చూస్తుందో, ఏ ధర చీటీ దగ్గర ఆగుతుందో కనిపెట్టాలి. ఆ చెయ్యి ఆగినచోటికి మించి పైధర చీర విప్పితే రాత్రి నాకు చివాట్లు. “ఆవిణ్ణి అప్పులోకి దింపి పంపిస్తే మళ్లీ మన గుమ్మం ఎక్కుతుందేటి?” అనేవారు. నేను పుస్తకాల్లో చదవని వ్యాపారం ఇదే.

కొట్టు మూసేముందు ఎవరి కౌంటరు లెక్క వాళ్లు రాయాలి. ఎన్ని అమ్మామన్నది కాదు ఆయన ముందు చూసేది, ఏవి మిగిలాయన్నది. ఆరు నెలలు దాటిన సరుకు పేరు పక్కన ఎర్ర సిరాతో గీత గీసేవారు. ఆ గీతలు చూసి చూసి నాకు ఇంటి ఖర్చులో కూడా కదలకుండా పడి ఉన్న డబ్బేదో కనబడటం మొదలైంది. పోస్టాఫీసులో ఆర్.డి. మొదలుపెట్టింది అప్పుడే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా మామగారి కొబ్బరి తోట నేలమట్టం, మా ఇంటి పైకప్పు మాయం. కొత్త మొక్క నాటితే కాపుకి ఆరేడేళ్లు. నాకు వెంటనే 40,000 కావాలి. ఊళ్లో నూటికి నెలకి మూడు రూపాయల వడ్డీ. సావుకారుగారు వడ్డీ లేకుండా జీతం మీద అడ్వాన్సు ఇచ్చి, నెలకి 2,000 చొప్పున ఇరవై నెలలు కోసుకుంటానన్నారు. అదే అప్పు ఊళ్లో తెచ్చి ఆ వాయిదాల్లోనే తీర్చి ఉంటే వడ్డీయే 12,600 అయ్యేది. 2020లో లాక్‌డౌన్‌లో కొట్టు మూతపడ్డ రెండు నెలలూ సగం జీతం ఇచ్చి కోత ఆపేశారు. మా నాన్న కూడా యజమాని దగ్గర ముందుగా పుచ్చుకున్నవాడే. ఆయన బాకీకి చివర లేదు. నా బాకీ తీరే నెల ఏదో మొదటి రోజే కాగితం మీద ఉంది.

కొలువిచ్చిన ఆనంద గజపతి మహారాజుకి గురజాడ అప్పారావుగారు 1897లో ‘కన్యాశుల్కం’ అంకితమిచ్చింది మా పక్కనున్న విజయనగరంలోనే. మా సావుకారుగారికి అంకితమివ్వడానికి నా దగ్గర పుస్తకం లేదు, అందుకే ఈ లెక్కలు రాస్తున్నాను.

గ్రాట్యుటీ సొమ్ముతో సోంపేటలో చిన్న బట్టల కొట్టు పెట్టాను. మొదటి సరుకు సావుకారుగారి మాట మీదే అప్పుగా దొరికింది. పింఛను పథకంలో జమ అలాగే ఉంది. సగటు జీతం 12,000ని పదమూడేళ్లతో హెచ్చవేసి 70తో భాగిస్తే నెలకి రెండు వేల రెండు వందల పైచిలుకు. పెద్ద మొత్తం కాదు, కానీ మా వంశంలో పింఛను తీసుకోబోయే మొదటివాణ్ణి నేనే.

నా దగ్గర ఇద్దరు ఆడపిల్లలు పనిచేస్తున్నారు. ఇరవై మంది ఉంటేనే పీఎఫ్ చట్టం వర్తిస్తుంది కాబట్టి అటల్ పింఛను యోజనలో చేర్పించాను. అరవయ్యో ఏట నుంచి నెలకి 5,000 రావాలంటే 22వ ఏట చేరిన పిల్లకి నెలకి 292, 25వ ఏట చేరిన పిల్లకి 376. సగం వాళ్లది, సగం నాది.

మొన్న దసరా ముందు సావుకారుగారు కొట్టుకి వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. స్టాకు పుస్తకం తెమ్మన్నారు, జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు.