ఏడు నిమిషాల దీర్ఘశాంతం

సండేస్కూలుకి వెళ్లిన పిల్లలకు ఆత్మఫలాలు కంఠతా వస్తాయి. పౌలు గలతీయులకు రాసిన పత్రికలో చెప్పిన తొమ్మిది గుణాలవి. ప్రేమ, సంతోషం, సమాధానం వరకు అందరూ గడగడా చెప్పేస్తారు. దీర్ఘశాంతం దగ్గర గొంతులు తగ్గుతాయి. ఆశానిగ్రహం దాకా వచ్చేసరికి ముందు వరసలో ఇద్దరో ముగ్గురో మిగులుతారు.

ఈ తొమ్మిదింటినీ 1864లో ఒకావిడ ఫోటోలు తీసింది. గుణాలకు ఫోటో ఏమిటని అప్పుడూ అడిగి ఉంటారు, ఇప్పుడూ అడగొచ్చు. దేవుణ్ణి బొమ్మ గీయవచ్చు, శిల్పం చెక్కవచ్చు. కెమెరా మాత్రం ఎదురుగా ఉన్నదాన్నే తీస్తుంది. సాత్వికం ఎదురుగా వచ్చి కూర్చుంటుందా?

ఆవిడ పేరు జూలియా మార్గరెట్ కామెరాన్. 1815లో కలకత్తాలో పుట్టింది. తండ్రి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, భర్త న్యాయశాస్త్రవేత్త. వాళ్లకి సిలోన్‌లో కాఫీ తోటలుండేవి. ఇంగ్లండుకి తిరిగొచ్చాక ఐల్ ఆఫ్ వైట్ అనే దీవిలో, ఫ్రెష్‌వాటర్ అనే పల్లెలో స్థిరపడ్డారు. 1863 డిసెంబరులో, పొద్దుపోవడానికి పనికొస్తుందని కూతురూ అల్లుడూ ఒక కెమెరా కొనిచ్చారు. అప్పటికి ఆవిడకి 48 ఏళ్లు. మనవల్ని ఆడించుకునే వయసని దాన్ని పక్కన పెట్టేయలేదు. కోళ్ల గూడు ఖాళీ చేయించి స్టూడియో చేసింది, బొగ్గుల కొట్టుని డార్క్‌రూం చేసింది.

ఆ రోజుల్లో ఫోటో అంటే ఒళ్లు వంచి చేసే పని. గాజు పలక మీద కొలోడియన్ పోసి, నాలుగు మూలలకీ పారేలా పలకని వంచాలి. పూతరేకుల కుండ మీద పిండి పట్టినంత పలచగా పొర పట్టాలి. అది ఆరకముందే సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి తడిగానే కెమెరాలో పెట్టి, ఫోటో తీసి, వెంటనే చీకటిగదిలోకి పరుగెత్తి కడగాలి. సిల్వర్ నైట్రేట్ పడినచోటల్లా చర్మం నల్లబడుతుంది. ఆవిడ చేతులూ బట్టలూ ఎప్పుడూ నల్లమచ్చలతోనే ఉండేవట. వీటన్నిటికంటే కష్టం కెమెరా ముందు కూర్చునేవాళ్లది. ఆవిడ ఫోటోలకు మూడు నిమిషాల నుంచి ఏడు నిమిషాల దాకా పట్టేది. అంతసేపూ కదలకూడదు.

కూర్చున్నది ఎవరు? ఎక్కువగా ఆ ఇంట్లో పనిచేసే మేరీ హిల్లియర్. తల మీదుగా ఒక శాలువా, ఒడిలో ఒకరో ఇద్దరో పిల్లలు, ఒక పక్క నుంచి పడే వెలుగు. అంతే సరంజామా. తల చుట్టూ కాంతి వలయం లేదు, రెక్కలు లేవు, ఆకాశం నుంచి దిగే కిరణాలు లేవు. తొమ్మిది గుణాలనూ కామెరాన్ ఏసు తల్లి మరియమ్మ రూపంలోనే తీసింది; ఆ మరియమ్మ ఈ పిల్లే. నిలకడ తెలియని పసివాళ్లని ఒళ్లో పెట్టుకుని, మెడ ఒక పక్కకు వంచి, నిమిషాల తరబడి ఊపిరి కూడా నెమ్మదిగా పీలుస్తూ కూర్చున్న మనిషికి ఓర్పు నటించాల్సిన పనేముంది? ‘దీర్ఘశాంతం’ అని కింద రాసిన ఫోటోలో దీర్ఘశాంతం నిజంగానే జరుగుతోంది. నాకు ఆ ఫోటోల్లో పట్టు దొరికేది అక్కడే. గుణానికి గుర్తుగా ఏదో వస్తువు పెట్టి తీసినవి కావవి. ఆ గుణం ఎంతసేపు నిలిచిందో అంతసేపూ గాజు మీద పడినవి.

పేరు మాత్రం దొరసానికి వచ్చింది. ఓర్పు పనిపిల్లది. ఇది కూడా చెప్పుకోవాలి.

రెండేళ్ల పిల్లాణ్ణి ఏడు నిమిషాలు కదలకుండా ఉంచడం ఎవరి తరం? 1865లో మనవడు ఆర్చీతో తీసిన ఒక ఫోటోకి ‘భక్తి’ అని పేరు పెట్టిందావిడ. పిల్లాడు గాఢనిద్రలో ఉన్నాడు, మేరీ వాడి మీదికి వంగి చూస్తోంది. పసివాడు కదలకూడదంటే వాడు నిద్రపోవాలి. పనికోసం దొరికిన ఉపాయమే బొమ్మకి అర్థమైంది.

     

అప్పటి ఫోటోగ్రఫీ పత్రికలు కామెరాన్‌ని దుమ్మెత్తిపోశాయి. ఫోకస్ లేదు, పలక మీద గీతలు, మరకలు అన్నాయి. మరకలు మరకలే, వాటిని కళ అనను. తొమ్మిదీ సమానంగా కుదిరాయనీ అనను. కింద రాసిన పేరు చెరిపేస్తే ‘మంచితనం’ ఏదో ‘సాత్వికం’ ఏదో పోల్చుకోవడం కష్టం.

కామెరాన్ పద్ధతికి పూర్తి విరుద్ధంగా పనిచేసినవాడు ఎఫ్. హాలండ్ డే అనే ఫోటోగ్రాఫర్. 1898లో అమెరికాలో మసాచుసెట్స్‌లో క్రీస్తు శిలువ ఘట్టాలు తీశాడు. క్రీస్తు వేషం తనదే. నెలల తరబడి జుట్టు పెంచాడు, తిండి మానేసి చిక్కిపోయాడు. ఆ వరసలో క్రీస్తు చివరి ఏడు మాటలకు ఏడు ముఖచిత్రాలు తీసినప్పుడు, తన ముఖం తనకు కనబడేలా కెమెరాకి అద్దం బిగించుకున్నాడు. అతని శ్రద్ధని శంకించను. కానీ ఆ ఏడింట్లో నాకు కనబడేది అద్దం చూసుకుంటున్న మనిషే. తిండి మానుకోవడం అతని చేతిలో పని. తనను తాను మరిచిపోవడం అద్దం ముందు సాధ్యంకాదు.

మన దగ్గర ఇలా వేషం వేసి దేవుడికి రూపమిచ్చే పని సినిమావాళ్లు చేశారు. 1957లో మాయాబజార్ వచ్చింది. ఎన్టీ రామారావు కృష్ణుడు క్యాలెండర్లెక్కాడు, అక్కణ్ణుంచి పూజాగదుల్లోకి నడిచాడు. కిరీటం, నెమలిపింఛం, ఆ చిరునవ్వు! కృష్ణుడంటే మన కళ్లముందు మెదిలే రూపం ఇవాళ్టికీ చాలామందికి అదే. తప్పేం లేదు; విగ్రహారాధన మనకు అలవాటే. కానీ రూపం దొరికాక గుణాన్ని వెతికే ఓపిక మన ఫోటోల్లో తగ్గింది. భక్తి అనగానే ఘాట్‌లో విభూతి పూసుకున్న సాధువు, చిలుం పొగ, గోపురం వెనక సూర్యుడు. ఆ సాధువుకి ఎంత ఇచ్చి కూర్చోబెట్టారో కూడా ఒక్కోసారి చెప్పగలం.

కామెరాన్ తన తొమ్మిది ఫోటోలనూ 1865 జనవరిలో బ్రిటిష్ మ్యూజియంకి కానుకగా ఇచ్చింది. కెమెరా పట్టుకుని ఏడాది దాటిందో లేదో, ధైర్యం చూడండి. గుణాలను ఫోటో తీసే పనికి పూనుకునే మన ఫోటోగ్రాఫర్లకి నాదొక్కటే విన్నపం. కాశీ టికెట్టు కొనేముందు ఇంటి చుట్టుపక్కల ఒకసారి చూడండి. మంచాన పడ్డ అత్తగారికి పూటపూటా అన్నం కలిపి పెట్టే కోడలు కనిపిస్తుంది. అనుమతి అడిగి, ఆవిడ పని పూర్తయ్యేదాకా కూర్చోండి. ఫోటో తీసుకున్నాక కింద ఆవిడ పేరు రాయడం మరిచిపోకండి.