ఇబ్రహీంపట్నంలో అమ్మ చీరల బొంత

అమ్మ ప్రభువునందు నిద్రించి ఏడాది నిండిన తరువాత ఆమె ట్రంకుపెట్టెను తెరవవలసి వచ్చింది. తోబుట్టువులం నలుగురం చుట్టూ కూర్చున్నాము. నగలంటూ ఏమీ లేవు గనుక పంపకాల పేచీ లేదు. ఉన్నవల్లా పదిహేడు చీరలు, ఒక కళ్లజోడు, అట్ట ఊడిన పాటల పుస్తకం. చీరలు ఎవరికైనా ఇచ్చివేద్దామని ఒకరు, అలాగే దాచుకుందామని ఒకరు అన్నారు. కాసేపటికి పెద్దక్క, "బొంత కుట్టిద్దాం" అన్నది. అందరికీ ఆ మాట నచ్చింది. కాని కుట్టేదెవరు? మాలో ఒక్కరికీ రాదు. నగరంలో మేముండే వీధిలోని దర్జీలను అడిగితే, అన్ని పొరలు పెడితే మిషను సూది విరుగుతుందని నవ్వారు. అప్పుడు ఇబ్రహీంపట్నంలోని చిన్నమ్మ జ్ఞాపకం వచ్చింది.

చీరల మూట ఒళ్లో పెట్టుకొని దిల్‌సుఖ్‌నగర్‌లో ఆర్టీసీ బస్సు ఎక్కాము. ఎల్.బి.నగర్ దాటాక నాగార్జునసాగర్ రోడ్డు. మా చిన్నప్పుడు తుర్కయంజాల్ దాటితే రెండు వైపులా జొన్న, కంది చేలు, తాటిచెట్లు, గుండ్రాళ్ల గుట్టలు ఉండేవి. ఇప్పుడు బొంగ్లూరు దగ్గర ఔటర్ రింగు రోడ్డు తల మీదుగా పోతుంది. ఆ తరువాత మంగళ్‌పల్లి, శేరిగూడ అన్నీ ఇంజనీరింగు కళాశాలలే. మిగిలిన చేలల్లో పంటకు బదులు తెల్ల సున్నం పూసిన ప్లాట్ల రాళ్లు. భూమి అమ్ముకున్నవారిని తప్పుపట్టే హక్కు మాకు లేదు. మా తాతగారి ఎకరం కూడా ఆ రాళ్ల కిందికే పోయింది.

ఇబ్రహీంపట్నం అనగానే పెద్ద చెరువు. గోల్కొండను 1550 నుండి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పేరే ఊరికీ చెరువుకూ వచ్చింది. హైదరాబాదు హుస్సేన్‌సాగర్ కూడా ఆ రాజు కాలంలోనిదే. వేసవి వచ్చిందంటే ఇంటింటి బొంతలూ ఈ చెరువు ఒడ్డుకు చేరేవట. తడిసిన బొంతను ఒక్కరు ఎత్తలేరు. ఇద్దరు ఆడవాళ్లు చెరొక కొస పట్టుకొని మెలిపెట్టి పిండి, బండల మీద ఆరవేసేవారు. ఏ ఇంటి బొంత ఎన్ని మాసికలతో ఉన్నదో ఊరందరికీ తెలిసేది. తరువాత చెరువు ఏళ్ల తరబడి ఎండినప్పుడు ఉతుకుడు బోరుబావుల దగ్గరికి, బక్కెట్లలోకి వచ్చింది. బక్కెట్లో బొంత పట్టదు. దుకాణాల్లో నూలుకాని రగ్గులు చవకగా దొరకసాగాయి. అవి తేలిక, తొందరగా ఆరతాయి. ఆడవాళ్ల నడుములకు అది మేలే చేసింది, ఆ మాట ఒప్పుకోవాలి.

చిన్నమ్మకు డెబ్బై ఆరేండ్లు. మమ్మల్ని చూసి, "వచ్చిర్రా బిడ్డా! గంత ఎండల గా మూటేంది?" అన్నది. చెప్పాము. ఆమె ఏమీ అనలేదు. చాప పరిపించి, చీరలను ఒక్కొక్కటే ఒళ్లోకి తీసుకొన్నది. కంటిచూపు తగ్గింది గనుక చూపు కన్న వేళ్లనే ఎక్కువ నమ్ముతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ గుడ్డను రుద్దుతుంది. అనుమానం వస్తే అంచులోనుండి ఒక పోగు లాగి, మనుమరాలిచేత అగ్గిపుల్ల గీయిస్తుంది. నూలు పోగు కాగితం వలె కాలి బూడిద అవుతుంది. పాలియెస్టరు పోగు కరిగి, చల్లారితే గట్టి పూస అవుతుంది.

"గిది బొంతకు రాదు. చెమట గుంజదు. పొరల నడుమ జారుతది." అలా పక్కకు వెళ్లినవి పన్నెండు. వాటిలో చాలావరకు మేము పండుగలకు, పెండ్లిండ్లకు అమ్మకు కొనిపెట్టినవే! నిగనిగలాడుతున్నవి, కొన్ని మడత విప్పనివి. నిలిచినవి ఐదు నూలు చీరలు. అందులో ఒక ఎర్రంచు చీరను చిన్నమ్మ చాలాసేపు పట్టుకొన్నది. "గిది నా లగ్గానికి మా నాయిన ఇద్దరికీ ఒక్క తీరుగ తెచ్చిండు. నాది ఎప్పుడో చినిగిపాయె." తరువాత తల ఎత్తి అడిగింది: "అవునుగని, మా అమ్మ మీ అమ్మకు కుట్టిచ్చిన బొంత ఏదీ? అన్నను కన్నప్పుడు ఇచ్చింది."

ఆ ప్రశ్నకు మేము సిద్ధపడి రాలేదు. జవాబు నలుగురికీ తెలుసు. పాత ఇల్లు ఖాళీ చేసినప్పుడు బీరువాకు గీతలు పడకుండా ఆ బొంతను చుట్టి లారీలో ఎక్కించాము. బీరువా దిగింది, బొంత దిగలేదు. రెండు రోజులకు అమ్మ అడిగితే, "కొత్త రగ్గు కొంటాంలే" అన్నాము. కొన్నాము కూడా. ఆమె మరి అడగలేదు. చిన్నమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాము. ఆమె కోపపడినా బాగుండేది. "ఏం జేస్తం" అని సూదుల డబ్బా తెప్పించింది.

ఇక కుట్టే పద్ధతి. మీ ఇండ్లలోనూ పాత నూలు చీరలు ఉండవచ్చు గనుక కాస్త వివరంగానే రాస్తున్నాము. ముందు చీరలను వేడినీళ్లలో నానబెట్టి గంజి పూర్తిగా పోయేదాకా ఉతకాలి. గంజి ఉంటే సూది దిగదు, పురుగు పడుతుంది. చీర సుమారు ఐదున్నర మీటర్లు. దానిని మూడు ముక్కలు చేస్తే ఒక్కొక్కటి మనిషి నిలువు పొడవు వస్తుంది. రెండేసి ముక్కలను పక్కపక్కన చేర్చి కుడితే ఇద్దరు కప్పుకునే వెడల్పు. మా ఐదు చీరలకు పదిహేను ముక్కలు వచ్చాయి. పద్నాలుగింటితో ఏడు పొరలు. మిగిలిన ముక్కను చిన్నమ్మ మాసికలకు కత్తిరించింది. అరిగి పలచబడిన చోట్ల ముందే లోపల మాసిక వేయాలి. చిరిగిన తరువాత వేస్తే అది పైకి కనబడుతుంది, నిలవదు. గట్టి చీరలు అడుగుకూ పైకీ, నలిగినవి నడుమకు. అన్నిటినీ నేల మీద పరచి, చేత్తో సవరించి, నాలుగు అంచులూ మధ్యభాగమూ పెద్ద పెద్ద టాకాలు వేసి కదలకుండా చేయాలి. నాలుగు పోగులు పేనిన దారానికి మైనం రాస్తే చిక్కుపడదు. ఆ తరువాత అంచు నుండి మొదలుపెట్టి వరుసలు. కుట్టు బియ్యపు గింజంత, వరుసకూ వరుసకూ వేలెడు దూరం. దూరం పెరిగితే రెండు ఉతుకులకే లోపలి గుడ్డ ముద్దకడుతుంది.

మిషను మీద ఎందుకు కుట్టరాదని అడిగాము. చిన్నమ్మ కోడలు డ్వాక్రా సంఘం అప్పుతో మిషను కొని జాకెట్లు కుడుతుంది, చీరలకు ఫాల్సు, పికో వేస్తుంది. పిల్లల ఫీజులు అందులోనుండే కడుతున్నది. ఆమె చెప్పింది: మిషను పళ్లు కింది గుడ్డను ముందుకు లాగుతాయి, పై పొరలు వెనుకపడతాయి, ఏడు పొరలంటే ముడతలే ముడతలు. రెండు మూడు పొరల పసిబిడ్డ బొంత అయితే మిషను మీద బాగానే వస్తుందట. పక్కకు పెట్టిన పన్నెండు చీరలను కూడా ఆమె వదలలేదు. రెండింటిని సంచులకు, ఒకదానిని దిండు గలీబులకు గీసి పెట్టుకొన్నది. జారే గుడ్డ సంచికి మంచిదేనట.

బొంత ఒక్క తెలంగాణ పల్లెలదే కాదు. బెంగాలులో కాంథా అనీ, మహారాష్ట్రలో గోధడీ అనీ పిలిచేది ఇలాంటిదే. ఉత్తర కన్నడ అడవి ఊళ్లలోని సిద్దీలు పాత గుడ్డ ముక్కలతో కుట్టే కవుదీలకు మంచి పేరున్నది. ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం పక్కల తండాలలో లంబాడీ తల్లుల సూదిపని చూసినవారికి అద్దాలు, గవ్వలు జ్ఞాపకముంటాయి. అమెరికాలో అలబామా రాష్ట్రపు జీస్ బెండ్ అనే పల్లెలో, బానిసలుగా బ్రతికినవారి సంతతి స్త్రీలు పొలంలో చినిగిన పని బట్టలతో బొంతలు కుట్టారు. చలికి కుట్టుకొన్న ఆ బొంతలను 2002లో హ్యూస్టన్ నగరంలోని కళా ప్రదర్శనశాల గోడలకు వ్రేలాడదీశారు. మన వైపు నర్సాపురం లేసు సంగతి చదువరులకు తెలిసే ఉంటుంది. పంతొమ్మిదవ శతాబ్దంలో మిషనరీలు గోదావరి స్త్రీలకు నేర్పిన ఆ అల్లిక దేశాలు దాటి అమ్ముడయింది. కాని అల్లిన చేతులకు దక్కిన కూలి ఎంత తక్కువో 1982లో మారియా మీస్ అనే పరిశోధకురాలు ఒక పుస్తకమే రాశారు. బొంతను ఎవరూ ఎగుమతి చేయలేదు. అందువలన దానికి దళారీ రాలేదు, పేరూ రాలేదు. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలనూ వస్త్రములనూ పేతురుకు చూపి ఏడ్చారని మనకు తెలుసు. మేము చూపడానికి లారీలో పోయిన బొంత అయినా లేదు.

సాయంత్రానికి పది వరుసలయినా పూర్తి కాలేదు. మనుమరాలు సూదికి దారం ఎక్కించి ఇస్తుంటే చిన్నమ్మ కుడుతున్నది. ఆ పిల్ల పదవ తరగతి. నేర్చుకోవచ్చు గదా అంటే, "ఎవరింట్ల నూలు చీరలున్నయి, నేర్చుకొని దేంతోని కుట్టాలె?" అని నవ్వింది. మాకు ఆ మాట తగిలింది. చేతులు మరచిపోయాయని మేము అనుకొంటున్నాము, ముందుగా మాయమైనది గుడ్డ. ఒంటి మీద కట్టి, ఉతికి, పదేండ్లు మెత్తబడనిదే బొంతకు పొర దొరకదు. కొత్త గుడ్డ కొని కుడితే అది వేరే వస్తువు.

చీకటి పడకముందే బయలుదేరబోతే చిన్నమ్మ మమ్మల్ని ఆపింది. మొత్తం తానే కుట్టి ఇస్తుందనుకొన్నాము. "నేనెట్ల కుడుత? నా కండ్లు చూస్తిరి గద. గీ సగం మీరు నలుగురు కుట్టుర్రి. ఎట్లొస్తే గట్ల." అన్నయ్యను కూడా వదలలేదు. మగవాడికి సూదేమిటని వాడు అనబోతే, "దర్జీలు మగోళ్లు గాదా?" అన్నది. అక్కడే చాప మీద ఒక్కొక్కరిచేత ఒక్కో వరుస కుట్టించింది. అన్నయ్య వరుస పాము పోయినట్టు వచ్చింది. విప్పుతానంటే విప్పనివ్వలేదు.

ఇప్పుడు ఆ బొంత నెలకు ఒక ఇంట ఉంటున్నది. ఈ నెల చిన్న చెల్లెలి వంతు. ఎర్రంచు దగ్గర ఇంకా మూడు జానల ఖాళీ ఉంది. అక్కడ సూది గుచ్చి ఉంచాము, కూర్చునేవారు చూసి కూర్చోవాలి.