ఆలిసు దిగిన బొరియ



పాతాళమనగానే మనకు బలిచక్రవర్తియు, నాగకన్యలును, మైరావణుని కోటయు జ్ఞప్తికి వచ్చును. అతల వితల సుతలాదిగా ఏడులోకముల పేళ్లు మన పెద్దలు మనచేత వల్లె వేయించిరి. కాని ఆ లోకములకు ఒక చిన్నపిల్ల తోడెవ్వరును లేక దిగిపోయి, అక్కడి వింతలన్నియు చూచి, మరల ఇల్లు చేరిన కథ మన పురాణములలో నాకు కనబడలేదు. అట్టి కథ యొకటి ఇంగ్లండులోని ఆక్సుఫర్డు పట్టణమున 1862వ సంవత్సరమున పుట్టినది. ఆ కథ పుట్టిన చోటు చూచి వచ్చితిని గనుక నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను అక్కడికి పోవుటకు మా మనుమరాలే కారణము. నిరుటి వేసవిలో లండను నగరమున మా అమ్మాయి యింట మూడు నెలలుంటిని. పిల్లకు తొమ్మిదేండ్లు. తెలుగు చెప్పినచో చక్కగా తెలియును, మాటలాడుట అంతంతమాత్రము, చదువుట బొత్తిగా రాదు. రాత్రి కాగానే నా ప్రక్కన చేరి కథ చెప్పుమని పట్టుపట్టెడిది. మా అమ్మమ్మ నాకు చెప్పిన దిగుడుబావి కథ చెప్పుచుంటిని. ఒక చిన్నది బావిలో జారిపోయిన ఇత్తడి చెంబుకొఱకు మెట్లు దిగుచు దిగుచు నేలక్రింది దేశములకు పోవును. అక్కడ ఒకదాని వెనుక నొకటిగా ఏడు వాకిళ్లుండును. మొదటి వాకిటి వెనుక కప్పల పెండ్లి; రెండవదాని వెనుక అందఱును వెనుకకు నడచు ఊరు; మూడవదాని వెనుక ఉప్పుతో కట్టిన యిండ్లు; నాలుగవదాని వెనుక నిద్రయే యెఱుగని ముసలమ్మ. అటుపిమ్మట నాకు జ్ఞప్తి లేదు. అరువదియేండ్ల క్రిందట విన్న మాట. మా అమ్మమ్మ యెన్నడో గతించెను. ఆ కథ వ్రాసి యుంచినవారును లేరు. ముసలమ్మ కడకు రాగానే "ఇక పడుకో తల్లీ" అని ప్రతిరాత్రియు దాటవేయుచుంటిని.

పిల్ల కొన్నాళ్లకే నా గుట్టు పట్టినది. "అమ్మమ్మా, నీకు మిగతాది తెలీదు కదా?" అని యడిగినది. తెలియదని యొప్పుకొనక తప్పలేదు. అప్పుడు లేచి పోయి ఆలిసు పుస్తకము తెచ్చి నా యొడిలో పెట్టి, "ఇందులో కూడా ఒక అమ్మాయి కిందికి వెళుతుంది. ఇది మాత్రం పూర్తిగా ఉంది" అన్నది. ఆ కడపటి మాట నాకు కొంచెము గ్రుచ్చుకొన్నదనియే చెప్పవలెను.

లండనునుండి ఆక్సుఫర్డునకు రైలులో ఇంచుమించు గంటసేపటి ప్రయాణము. మేము ముందుగా క్రైస్టు చర్చి కళాశాలకు పోయితిమి. ఆలిస్ లిడ్డెల్ అనునామె ఈ కళాశాల ప్రధానాధికారి కూతురు. తండ్రి హెన్రీ లిడ్డెల్ గ్రీకుభాషకు గొప్ప నిఘంటువును కూర్చిన పండితులలో నొకరు. అక్కడనే గణితము బోధించుచుండిన ఛార్లెస్ డాడ్జిసన్ అను నాతడు ఈ పిల్లలకు కథలు చెప్పుచుండెడివాడు. లోకము ఆయనను లూయిస్ కెరోల్ అను కలము పేరుతో నెఱుగును. మాటలాడునప్పుడు ఆయనకు కొంచెము నత్తి.

ఆ కళాశాలలోని భోజనశాల మిక్కిలి పెద్దది. అక్కడి జనసమ్మర్దమంతయు హారీ పాటర్ సినిమా కొఱకే వచ్చినదని మా పిల్ల చెప్పినది. ఆ సినిమాలోని భోజనశాలకు ఇదియే మాదిరి యట. పొయ్యి యెదుట సాగదీసిన మెడలు గల ఇత్తడి బొమ్మలు రెండు నిలిపియున్నవి. కథలో ఆలిసు మెడ సాగుట వీనిని చూచియే తోచెనని చెప్పుదురు. నాకు వానికన్న తోటగోడలోని చిన్న తలుపు ఎక్కువ నచ్చినది. దాని కావలి ప్రక్క లిడ్డెల్‌గారి యిల్లు. కథలో ఆలిసు మోకరిల్లి చిన్న తలుపుగుండ తోటను చూచును గాని, అందులోనికి దూరజాలదు. మా పిల్ల ఆ తలుపు కెదురుగా గడ్డిమీద కూర్చుండి చాలసేపు లేవలేదు.

కళాశాలలోని దేవాలయమున బర్న్ జోన్స్ అను చిత్రకారుడు కూర్చిన రంగుటద్దపు కిటికీ యొకటి కలదు. అది ఆలిసు చెల్లెలు ఈడిత్ జ్ఞాపకార్థము పెట్టినది. పెండ్లి నిశ్చయమైన కొలది దినములకే, 1876లో, ఇరువదిరెండేండ్ల ప్రాయమున ఆమె మరణించెను. కథ పుట్టిన నాడు పడవలో కూర్చుండిన ముగ్గురు పిల్లలలో చిన్నది ఆమెయే.

ఆ దినము 1862 జూలై 4. డాడ్జిసనును, ఆయన మిత్రుడు డక్‌వర్తును తెడ్లు వేయగా, పదమూడేండ్ల లోరీనాయు, పదేండ్ల ఆలిసును, ఎనిమిదేండ్ల ఈడితును థేమ్సు నదిపై పడవలో ఎగువకు పోయిరి. ఫాలీ వంతెనకడ బయలుదేరి, సుమారు మూడుమైళ్ల దూరమున నున్న గాడ్‌స్టో అను చోట ఒడ్డున తేనీరు త్రాగి, రాత్రి ఎనిమిదింబావునకు కళాశాల చేరిరి. దారిలో చెప్పినదే కుందేటి వెంట బొరియలో పడిపోయిన బాలిక కథ. అది బంగారు ఎండ కాసిన మధ్యాహ్నమని వారిలో కొందఱు తరువాత చెప్పుకొనిరి. వాతావరణపు లెక్కలలో మాత్రము ఆనాడు చల్లగా, కొంత వానగా నుండెనని యున్నదట! ఈ విషయమున నేను లెక్కల పక్షము కాదు.

మేము పడవ నెక్కలేదు. ఒడ్డున కాలిబాట పట్టి నడచితిమి. ఎడమ ప్రక్క చెట్లు. నది కావలి యొడ్డున విశాలమైన పచ్చికబయలు, దానిలో గుఱ్ఱములును ఆవులును స్వేచ్ఛగా మేయుచుండెను. కొంతదూరము పోయి, బాట విడిచి, బిన్సీ అను పల్లె చేరితిమి. పల్లెకు దూరముగా చెట్ల నడుమ చిన్న చర్చియు, దాని ఆవరణలో ఒక బావియు నున్నవి. దాని చుట్టును రాళ్లు పేర్చి, నీటి దాక కొలది మెట్లు దించినారు. చూడగానే నా గుండె ఝల్లుమన్నది. అచ్చముగా మన దిగుడుబావి; కాకున్న మిక్కిలి చిన్నది.

ఈ బావికి పూర్వకథ కలదు. ఫ్రైడ్‌స్వైడ్ అను రాచకన్య దేవునికే జీవితము నర్పించుకొని యుండగా, ఒక రాజు ఆమెను బలవంతముగా పెండ్లాడనెంచి వెంబడించెనట. అతని కన్నులు పోయెను. ఆమె దయ తలచి ప్రార్థింపగా ఇక్కడ ఊట పుట్టెను. ఆ నీటితో అతనికి చూపు వచ్చెను. ఆక్సుఫర్డువారికి ఆమె గ్రామదేవతవంటిది. బహుకాలము రోగులు ఈ నీటికై వచ్చెడివారు. అందుచే దీనికి 'ట్రీకిల్ బావి' యని పేరు. ఆ మాటకు పూర్వము విషమును విఱుచు మందు అని యర్థము; తరువాతి కాలమున బెల్లపు పాకము వంటి పదార్థమునకు ఆ పేరు వచ్చినది. ఆలిసు కథలో తేనీటివిందు వేళ ఒక నిద్రమొగము చుంచెలుక, పాకపుబావి యడుగున కాపురముండిన ముగ్గురక్కచెల్లెండ్ర కథ చెప్పును. వారి పేళ్లు ఎల్సీ, లేసీ, టిల్లీ. లోరీనా పేరులోని పొడి యక్షరములే ఎల్సీ. ఆలిసు అక్షరములు తాఱుమాఱు చేసినచో లేసీ. టిల్లీ యనునది ఈడితు ముద్దుపేరు. పడవలోని పిల్లలనే ఆ మహానుభావుడు బావి యడుగున కూర్చుండబెట్టినాడు!

మా పిల్ల మెట్లు దిగి నీటిలో వ్రేలు ముంచి నాలుకపై పెట్టుకొని, "తీపి లేదు" అని తీర్పు చెప్పినది. పిమ్మట, "నీ కథలో చెంబు ఇలాంటి బావిలోనే పడిందా?" అని యడిగినది. ఔనంటిని.

అక్కడినుండి గాడ్‌స్టో చేరుసరికి నాకు కాళ్లు పీకినవి. అక్కడ పండ్రెండవ శతాబ్దమున కట్టిన సన్న్యాసినుల మఠపు గోడలు శిథిలమై నిలిచియున్నవి. ఆ గోడనీడను కూర్చుండి తెచ్చుకొన్న పులిహోర తిని, మా పిల్ల చేతిలోని పుస్తకమునుండి నాకు చదివి వినిపించుచుండగా తక్కిన కథ వింటిని.

ఆ రాత్రి ఇల్లు చేరినపుడు ఆలిసు ఆ కథను తనకు వ్రాసి యిమ్మని డాడ్జిసనును కోరినది. ఆయన అంతకుమున్నును ఎన్నియో కథలు చెప్పినాడు. అవి ఆనాటితోనే పోయినవి. ఈ యొక్కటి నిలిచినది. ఒక పిల్ల యడుగుటచే నిలిచినది. మఱునాడే రైలులో ఘట్టముల పేళ్లు వ్రాసికొనెను. మఱుసటి యేడు ఆ కుటుంబమునకును ఆయనకును రాకపోకలు తగ్గినవి. ఆ దినముల డైరీ పుటలు కానరావు. ఐనను వ్రాత మానలేదు. తొంబది పుటలు స్వహస్తముతో వ్రాసి, ముప్పదియేడు బొమ్మలు తానే గీసి, 'నేలక్రింద ఆలిసు సాహసములు' అని పేరిడి, 1864 నవంబరు 26న ఆమెకు పంపెను. కడపటి పుటలో ఆలిసు మొగము గీసి, తృప్తి చాలక, దానిపై ఆమె ఫోటో నతికించెను. క్రింద బొమ్మ యున్నదని 1977 దాక ఎవ్వరికిని తెలియదు. కథను పెంచి, టెన్నియెల్ బొమ్మలతో 1865లో అచ్చు వేసినపుడే అది లోకమునకెక్కినది. చుంచెలుక విందు ఆ వ్రాతప్రతిలో లేదు, అచ్చుకొఱకు చేర్చినది.

ఆలిసు పెండ్లాడి ముగ్గురు కొడుకులను కన్నది. 1914లో మొదలైన మహాయుద్ధమున ఇద్దఱు మడిసిరి. 1926లో భర్త పోయెను. ఇంటి భారము మోయుటకు 1928లో ఆ వ్రాతపుస్తకమును వేలమునకు పెట్టవలసి వచ్చెను. 15,400 పౌనులకు పాట నిలిచి, అది అమెరికాకు పోయినది. ఈ మాటవద్ద నా చేతిలోని ముద్ద చేతిలోనే యుండిపోయినది. డెబ్బదియైదేండ్ల వితంతువు, బాల్యమున తానడిగి తెప్పించుకొన్న దానిని చేతులారా అమ్ముకొనుట! ఆమె 1934లో గతించెను. 1948లో కొందఱు అమెరికనులు దానిని కొని, యుద్ధమున ఇంగ్లండు చూపిన ధైర్యమునకు కృతజ్ఞతగా బ్రిటిషువారికి కానుకగా నిచ్చిరి. నేడది లండనులోని బ్రిటిషు లైబ్రరీ యందున్నది.

చదువుట ముగించి పిల్ల పుస్తకము మూసినది. "అమ్మమ్మా, నువ్వు కూడా రాసివ్వు" అన్నది. "నాకు నాలుగు వాకిళ్లే వచ్చును గదా" అంటిని. "నాలుగే రాయి. ఇంగ్లీషులో రాయి, లేకపోతే నేనెలా చదువుతాను?" అన్నది.

కప్పల పెండ్లిపాటను ఇంగ్లీషులో నెట్లు వ్రాయుదును? ఆ సాయంకాలమంతయు రైలులో మా యిద్దఱికి దీనిమీదనే తగవు. తుదకు రాజీ కుదిరినది: కుడిపుటలో నేను తెలుగున వ్రాయవలెను, ఎడమపుటలో ఆమె బొమ్మ వేయవలెను, చదివి వినిపించుట వాళ్లమ్మ వంతు. నేను బయలుదేరునాటికి నాలుగు వాకిళ్లును ముగిసినవి. నిద్ర యెఱుగని ముసలమ్మకు మా పిల్ల నా కండ్లజోడు పెట్టినది.

ఇంటికి వచ్చిన పిమ్మట తెనాలిలోనున్న మా పిన్నికి ఫోను చేసితిని. ఆమెకిప్పుడు ఎనుబదియెనిమిదేండ్లు, వినికిడి తక్కువ. మూడుమాఱులు గట్టిగా చెప్పగా, "ఓసి, ఆ కథా! ఐదో వాకిట్లో దీపాలుండవే. అక్కడ అందరూ ఒకరి చేయి ఒకరు పట్టుకొని నడుస్తారు" అన్నది. వెంటనే వ్రాసికొంటిని. తక్కిన రెండు వాకిళ్లకొఱకు ఆదివారమునాడు మరల పిలువుమన్నది.