అంతా వయసు మీదే!

మనదేశంలో జబ్బు పేరు చెప్పడానికి చదువుతో పనిలేదు. నమ్మకం లేకపోతే బస్సులో ఒక్కసారి గట్టిగా దగ్గి చూడండి. ఎదురు సీటువారు మిరియాల కషాయం చెబుతారు. పక్క సీటావిడ సంచిలోంచి మాత్ర తీసి ఇస్తుంది. కిటికీ దగ్గరాయన "మా మేనత్తకీ అచ్చం ఇలాగే మొదలైందండీ" అని ఓదారుస్తాడు. మేనత్త చివరికేమైందో మాత్రం చెప్పడు.

కారుకి జబ్బు చేసినా అంతే. బానెట్ ఎత్తి రోడ్డు పక్కన నిలబడితే చాలు, సైకిలు మీద పోయేవాడు కూడా దిగి, నడుం మీద చేతులేసుకుని తీర్పు చెప్పి మరీ వెళతాడు. ఆ తీర్పులన్నిటిలోకీ చౌకైనది ఒకటుంది: "పాతబడిపోయిందండీ!" ఈ మాట అన్నాక ఇంక వెతకాల్సిన పనిలేదు. అందుకే ఈ మాటంటే నాకు భయం.

నౌపడలో మా మావయ్యకి ఒక కారుంది. నౌపడ అంటే శ్రీకాకుళం జిల్లాలో, టెక్కలి దగ్గర, ఉప్పుమళ్ళ ఊరు. గుణుపురం వెళ్ళే చిన్నరైలు 2004 దాకా అక్కణ్ణించే బయల్దేరేది. అలాంటి ఊళ్ళో ఎర్రరంగు స్టాండర్డ్ హెరాల్డ్ వీధిలోకొస్తే ఎలా వుంటుందో ఊహించుకోండి. రెండు తలుపుల కారు, మద్రాసులో తయారైంది. పిల్లలు దాన్ని స్పోర్ట్స్ కారు అంటారు. మావయ్య వాళ్ళని దిద్దడు. దిద్దనక్కర్లేదు కూడా. ఇంగ్లండులో ఈ హెరాల్డు చట్రాన్నే కాస్త కురచ చేసి 1962లో ట్రయంఫ్ కంపెనీవారు స్పిట్‌ఫైర్ అనే అసలు సిసలు స్పోర్ట్స్ కారు చేశారు. అంచేత మావయ్యది స్పోర్ట్స్ కారు కాకపోయినా, స్పోర్ట్స్ కారుకి అక్కగారు. అక్కకీ చెల్లికీ ఓ పోలిక కూడా వుంది. ఇద్దరికీ బానెట్టు, ముందు మడ్‌గార్డులతో సహా, మొత్తంగా ముందుకి వాలి తెరుచుకుంటుంది. ముందు చక్రం మీద కూర్చుని, కూరలు తరుక్కున్నంత తీరుబడిగా మరమ్మతు చేసుకోవచ్చు.

మొన్న సంక్రాంతికి నేను వెళ్ళేసరికి ఆ కారు మీద ఇంట్లో పెద్ద పంచాయితీ. పొద్దున్నపూట స్టార్టు కాదట. అయినా రోడ్డెక్కి బరువు పడగానే తుమ్ములు. ఒకరు బ్యాటరీ మార్చారు. ఇంకొకరు కాయిల్ మార్చారు. మూడో ఆయన ప్లగ్గులు మార్చాడు. మార్చిన ప్రతిసారీ రెండ్రోజులు బాగా నడిచి, మూడోనాడు మళ్ళీ మొదటికొచ్చింది.

"కాటాకి వేసేద్దాం నాన్నా. దానికీ వయసైంది, నీకూ వయసైంది" అన్నాడు బావ. మావయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పెదవి విప్పలేదు. అత్తయ్య గుమ్మం పట్టుకుని నిలబడి ఆయాసపడుతోంది. మధ్యగదిలోంచి వీధి గుమ్మం దాకా నడిచిందంతే. అదీ వయసేనని ఇంట్లో అనుకుంటున్నారు.

ఆఖరి ప్రయత్నంగా టెక్కలినుంచి ఒక ముసలి మేస్త్రీని పిలిపించారు. ఆయన వచ్చీ రాగానే పనిముట్ల సంచి విప్పలేదు. అరుగు మీద కూర్చుని ప్రశ్నలు వేశాడు.

"ఎప్పుడాగుతాదండి? పొద్దున్నా, మాపటికా?"

"పొద్దున్నే. పదింటికి ఎండెక్కితే బాగానే నడుస్తుంది."

"మంచు పడ్డ రోజా, పడని రోజా?"

మావయ్య కాస్సేపు ఆలోచించి, "మంచు పడ్డ రోజే" అన్నాడు. మూడుసార్లు సామాను మార్చినవాళ్ళెవరూ ఈ మాట అడగలేదు.

తర్వాత సెల్ఫ్ కొట్టించాడు. ఇంజను జోరుగా తిరిగింది. బ్యాటరీ నిర్దోషి. ప్లగ్గు విప్పి వాసన చూశాడు. పెట్రోలుతో తడిసివుంది. పెట్రోలూ నిర్దోషే. ప్లగ్గుని ఇంజను ఇనుముకి ఆనించి మళ్ళీ తిప్పించాడు. చిటుక్కున నిప్పురవ్వ. బావ విజయగర్వంతో, "నిప్పుందిగా! ఇంకేం?" అన్నాడు.

"నిప్పుంది బాబూ. బయట గాల్లో ఎవుడైనా దూకుతాడు. లోపల గాలిని పిసికేసి ఉంతాది. అక్కడ దూకడం కష్టం. సులువు దారి దొరికితే అటే ఎలిపోతాది. రేపు తెల్లారగట్ల వస్తాను. దీపాలు ఎయ్యకండి."

నేను బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని. అయినా ఆయన చెప్పినది నాకు అర్థమైంది. బ్యాటరీ ఇచ్చేది పన్నెండు వోల్టులు. దాన్ని కాయిల్ వేల వోల్టులు చేస్తుంది. ఆ నిప్పుని నాలుగు సిలిండర్లకీ వరసతప్పకుండా పంచిపెట్టేది డిస్ట్రిబ్యూటర్. మన మేస్త్రీలు దాన్ని డెల్కో అంటారు. వడ్డన వరస ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకి 100 సార్లు వడ్డించాలి. ఏ పెళ్ళిపందిట్లోనూ అంత చురుకైన వంటవాణ్ణి నేను చూడలేదు.

మర్నాడు అయిదింటికి వీధంతా చీకటి. ఉప్పుమళ్ళ వైపునుంచి మంచు కమ్ముకొచ్చింది. మావయ్య సెల్ఫ్ కొట్టాడు. ఇంజను దగ్గుతూ లేచింది. "సూడండి. సెయ్యి మాత్రం ఎట్టకండి" అన్నాడు మేస్త్రీ.

డెల్కో నల్లమూత మీద సన్నని నీలిదారాలు చిటచిటమంటూ పాకుతున్నాయి! లోపలికి వెళ్ళి మండవలసిన నిప్పు, మూత మీదనే జారిపోయి ఇనుములో కలిసిపోతోంది. ఇరవయ్యేళ్ళుగా నవలల్లో వెన్నెల మీద పేజీలకి పేజీలు రాస్తున్నాను గానీ, ఇంత అందమైన దోషాన్ని ఎక్కడా వర్ణించలేదు.

కారణం ఏమిటంటారా? మీ వంటింట్లోనే వుంది. వానాకాలం ఉప్పుజాడీ ఎందుకు చెమ్మగిల్లుతుంది? గాలిలో తేమ నూటికి 75 పాళ్ళు దాటితే ఉప్పు దాన్ని పీల్చుకుని నీరవుతుంది. ఆ ఉప్పునీరు కరెంటుకి రాచబాట. ఏళ్ళతరబడి వీచిన నౌపడ గాలి ఆ మూత మీద కంటికి కనపడని ఉప్పుపొర పరిచింది. ఎండలో అది పొడి, మంచులో అది తీగ. ఇదివరకటివాళ్ళు మూత తీసి, తుడిచి పెట్టేవారు కాబట్టి, వాళ్ళు ఏం మార్చినా రెండ్రోజులు నడిచేది. పేరేమో కొత్త కాయిల్‌కి వచ్చింది, పని చేసింది మాత్రం తుడిచిన గుడ్డ.

మూత లోపల కూడా చూపించాడు. పెన్సిలుతో గీసినట్టు సన్నని నల్లగీత. నిప్పు పదేపదే పారి కాల్చుకున్న దొంగదారి. అది తుడిస్తే పోదు. విశాఖపట్నం నుంచి కొత్త మూత తెప్పించారు. "వైర్లు కూడా ఇప్పుడే మార్చేస్తే పోలా?" అన్నాడు బావ. "రెండూ ఒక్కసారి మారిస్తే దొంగెవుడో తెలీదు బాబూ" అన్నాడు మేస్త్రీ. ముందు మూత ఒక్కటే వేసి, రెండు తెల్లవారుజాములు నడిపి చూశాడు. స్టార్టు బాగుంది గానీ ఒక తుమ్ము మిగిలింది. అప్పుడు వైర్లు మార్చాడు. అదీ పోయింది. చివర్న పాయింట్ల సందు అంగుళంలో వెయ్యింట 15 వంతులుండేలా రేకు పెట్టి చూసి, చేతులు కడుక్కున్నాడు.

అందరూ సంబరపడుతుంటే అత్తయ్య టీగ్లాసులు తెచ్చి, గోడకి ఆనుకుని ఊపిరి తీసుకుంది. నవ్వుతూనే అంది: "కారుకి మూత తీసి చూశారు. నాకు అదీ లేదు."

టీ ఎవరికీ గొంతు దిగలేదు. ఆ మధ్యాహ్నమే, అదే కార్లో, మావయ్య ఆవిణ్ణి డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాడు. ఆడవాళ్ళకి కనీసం 12 వుండాల్సిన హిమోగ్లోబిన్ ఆవిడకి 7 వుంది. మందు రాసి పంపేస్తారనుకున్నాం. ఆ డాక్టరుగారు కూడా మేస్త్రీ తరహా మనిషి. "రక్తం తక్కువైంది సరే, ఎటు పోతోంది?" అన్నారు. ఏమేం మందులు వాడుతున్నావని ఒక్కొక్కటే అడిగారు. మోకాళ్ళ నొప్పులకని ఏళ్ళతరబడి, చీటీ లేకుండా కొనుక్కుని మింగుతున్న బిళ్ళల సంగతి అప్పుడు బయటపడింది. గొట్టం వేసి చూస్తే కడుపులో పుండు. అక్కణ్ణించి కొంచెం కొంచెంగా, ఎవరికీ కనపడకుండా, రక్తం కారిపోతోంది. ఇంట్లో రెండేళ్ళపాటు దానికి పెట్టిన పేరు వయసు!

వయసు లేదని నేననడంలేదు. వుంది. ముసలి మూతకి గీతలు త్వరగా పడతాయి, ముసలి కడుపు బిళ్ళలకి తట్టుకోలేదు. కానీ వయసు జబ్బుకి చోటిస్తుందే గాని, తానే జబ్బు కాదు. "వయసండీ" అని డాక్టరన్నా, మేస్త్రీ అన్నా, కన్నకొడుకే అన్నా, "సరే, వయసెక్కడ పట్టుకుంది?" అని ఇంకొక్క ప్రశ్న అడగండి.

అత్తయ్య ఆ బిళ్ళలు మానేసింది. పుండుకి మందులు, రక్తానికి ఇనుము మాత్రలు వాడింది. మార్చిలో ఫోన్ చేసింది. తేలినీలాపురం పక్షుల్ని చూడ్డానికి ఇద్దరూ కార్లో వెళ్ళొచ్చారట. గూడబాతులు ఇంకా వున్నాయట.

"దార్లో కారెక్కడైనా ఆగిందా అత్తయ్యా?" అన్నాను.

"కారు ఆగలేదే. మీ మావయ్యే ఆగారు, మూడుచోట్ల, టీకి" అంది, ఆయాసం లేకుండా.