తాత చేసిన విల్లుకి ఏ పూత?

వార్షికోత్సవ సంచికకి పాత విద్యార్థులు కూడా ఒక వ్యాసం పంపాలని కబురు వచ్చినప్పుడు ముందు హాస్టల్ జ్ఞాపకాలే రాద్దామనుకున్నాను. కానీ ఆదివారం గుడ్డు గురించి, ట్రంకుపెట్టె తాళాల గురించి నాకంటే బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అందుకని ఏడాదికి పైగా నా బుర్రలో తిరుగుతున్న ఒక సంగతి రాస్తున్నాను. వెదురు విల్లుకి పైన ఏం పూయాలి అన్నదే ఆ సంగతి. కొండ నుంచి వచ్చానని ఆరో తరగతిలో నన్ను 'అల్లూరి' అని పిలిచిన మిత్రులకి ఇది చదివి నవ్వుకునే హక్కు ఉంది. మీరు చూసిన అల్లూరి విగ్రహాల్లో విల్లు పెయింటుతో నిగనిగలాడుతూ ఉంటుంది. మా ఇంట్లో విల్లు ఎప్పుడూ అలా లేదు.

మాది పాడేరు వైపు కొండల్లో చిన్న ఊరు. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా. నేను మన హాస్టల్లో చేరేనాటికి ఇంకా విశాఖపట్నం జిల్లాయే, 2022లో విడగొట్టారు. నాన్న అయిదో తరగతి వరకు చదివాడు. అమ్మది వేలిముద్ర. మా గడపలోకి డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాణ్ణి నేనే. ప్రస్తుతం ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చివరి సంవత్సరం. "అంటే ఏటి సదువుతున్నావురా?" అని ఊళ్లో అడిగితే వాళ్లకి అర్థమయ్యే జవాబు నా దగ్గర ఉండేది కాదు. ఇంట్లో కూడా ఫీజు ఎంత, స్కాలర్‌షిప్ పడిందా, ఎప్పుడొస్తావు అని అడిగేవారే గాని, నా చదువుతో వాళ్లకి పని పడలేదు.

మా తాత విల్లులు చేస్తాడు. అమ్మకానికి కాదు, ఇంటికీ చుట్టాలకీ. డొల్ల తక్కువగా ఉన్న ముదురు వెదురు చూసి, వానలు పోయాక చలికాలంలో నరుకుతాడు. ఆ బొంగుని గెడ్డలో రాళ్ల కింద తొక్కిపెట్టి నెలకి పైగా నానబెడతాడు. తర్వాత నీడలో ఆరబెట్టి, చీల్చి, లోపలివైపు మాత్రమే కత్తితో గీకుతాడు. పైచర్మం జోలికి పోడు. విల్లు వంచినప్పుడు సాగేది ఆ చర్మం వైపే కాబట్టి అక్కడ గీత పడితే విల్లు అక్కడే విరుగుతుంది. అల్లెతాడు కూడా సన్నటి వెదురు బద్దే. రెండు కొనల దగ్గర దాన్ని అడ్డతీగ నారతో బిగిస్తాడు. ఆ ముడి నేను ఎన్నిసార్లు చూసినా నా వేళ్లకి రాలేదు. తమ్ముడికి వచ్చింది.

వేట విల్లు అంటాం గాని ఇప్పుడు దానితో వేట లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువుని కొట్టడం నేరం. చైత్రమాసంలో ఇటుకల పండగకి మాత్రం విల్లంబులు బయటికొస్తాయి. మా ఊళ్లో కుర్రాళ్లు అరటి బోదె నిలబెట్టి గురి చూస్తారు. ఊరంతా నిలబడి చూసే ఆట అది. బాణం పక్కకి పోతే ఆడవాళ్లు ఏడిపించే మాటలు ఇక్కడ అచ్చు వెయ్యడం కుదరదు.

మా ఇంటి పాత విల్లులకి ఎవరూ ఏమీ పూయలేదు. పొయ్యి మీద దండెం ఉండేది. విల్లు, కొడవలి పిడులు, విత్తనాల మొక్కజొన్న పొత్తులు అన్నీ దానికే వేలాడేవి. రోజూ రెండు పూటలా పొగ తగిలి ఏడాదికల్లా విల్లు నల్లగా, నున్నగా తయారయ్యేది. ఆ పొగలో ఫినాల్ జాతి పదార్థాలు, కొంచెం ఫార్మాల్డిహైడ్, తారు ఉంటాయి. అవి పురుగుకి పడవు. పొయ్యి వేడికి వెదురులో తేమ కూడా పెరగదు. అంటే మా అమ్మ వంట చేస్తూనే రోజూ విల్లుకి ఒక పలచటి పూత వేస్తూ ఉండేదన్నమాట. మా కొత్త స్లాబు ఇంట్లో గ్యాస్ పొయ్యి పెట్టాం. అమ్మ దగ్గు తగ్గింది. కళ్లమంట తగ్గింది. కట్టెల కోసం కొండెక్కే పని పోయింది. పాత పొయ్యే బాగుండేదని రాసేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది, వాళ్లు ఆ పొగలో ఒక పూట అన్నం వండి చూడాలి. అయితే గ్యాస్ వచ్చాక విల్లుకి పూత ఆగిపోయిన మాట నిజం.

2023 చలికాలంలో తాత తమ్ముడి కోసం ఒక విల్లు చేశాడు. అప్పటికే తాత చేతులు వణుకుతున్నాయి. గీకుతూ మధ్యమధ్య కత్తి కింద పెట్టి చేతులు నులుముకునేవాడు. "ఇదే ఆఖరుదిరా బాబూ" అన్నాడు. దాన్ని ముందుగదిలో మేకుకి తగిలించాం. తర్వాతి వానాకాలం నాన్న ఫోన్ చేశాడు. విల్లు కింద గచ్చు మీద రోజూ తెల్లటి పిండి రాలుతోందట. పుచ్చు. నాన్న అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నువ్వు సదివింది మందుల సదువే గదా, దీనికేటి రాయాలో సూసి సెప్పు." నా చదువుకి ఇంటి నుంచి వచ్చిన మొదటి ప్రశ్న అది.

సెలవులకి వెళ్లేసరికి ఇంట్లో మూడు పక్షాలు తయారై ఉన్నాయి. పెరట్లో వేన్నీళ్ల పొయ్యి ఇంకా ఉంది, దాని మీద కట్టండి చాలు అన్నాడు తాత. కనుగ నూనె రాస్తే ఏ పురుగూ రాదంది అమ్మ. తమ్ముడు వార్నిష్ పక్షం. టౌన్లో ఒక బొమ్మల వ్యాపారి వార్నిష్ వేసిన విల్లులు గోడకి పెట్టి అమ్మడం చూసొచ్చాడు. తాత విల్లు కూడా అలా మెరిపిస్తే మంచి ధర ఇస్తానని ఆయన అన్నాడట. ఇంట్లో డబ్బు అవసరం లేని రోజు లేదు కాబట్టి నాన్న ఆ మాటకి అవుననలేదు, కాదనలేదు.

విల్లు చేయగా మిగిలిన బద్దలు అటక మీద ఉంటే వాటిని జానెడు ముక్కలుగా కోసి యూనివర్సిటీ హాస్టల్ గదికి తెచ్చుకున్నాను. ఒక్కో ముక్కకి ఒక్కో పూత పూసి, పెన్నుతో నంబరు వేసి, కిటికీ ఊచలకి కట్టాను. రూమ్మేటు నాకు చేతబడి అంటగట్టాడు.

ఇక్కడ కొంచెం కెమిస్ట్రీ తప్పదు, ఇంటర్ తమ్ముళ్లు ఓపిక పట్టాలి. నూనెలన్నీ ఆరవు. గాలిలో ఆక్సిజన్ పట్టుకుని, అణువులు ఒకదానికొకటి అల్లుకుని పొరగా గట్టిపడే నూనెలు కొన్నే. ఆ గుణం ఎంత ఉందో అయోడిన్ విలువ చెబుతుంది. బీఎస్సీ ల్యాబులో మనం విసుక్కుంటూ చేసే ప్రాక్టికల్ అదే. అవిసె నూనెకి అది 170 పైన ఉంటుంది. ఆముదానికి 85 దరిదాపు, ఇప్ప నూనెకి 60, 70 మధ్య. కనుగ నూనెదీ ఆముదం లెక్కే. అందుకే అమ్మ చెప్పిన కనుగ నూనె ముక్క నెల తర్వాత కూడా జిడ్డుగానే ఉండి, గదిలో దుమ్మంతా అంటించుకుంది. పురుగు రాకుండా అది పనిచేస్తుంది, అమ్మ మాట అబద్ధం కాదు. కానీ జిడ్డు విల్లు పిడికిట్లో జారుతుంది. ఇప్ప నూనె ఇంకా నయం కాదు, లంబసింగి చలికి నెయ్యిలా పేరుకుంటుంది.

స్పిరిట్లో కరిగించిన లక్క మొదటి రోజు అందరికంటే అందంగా ఉంది. లక్క మీద నాకు ముందు నుంచీ ఇష్టం, మన వైపు ఏటికొప్పాక బొమ్మలకి వేసేది లక్కే. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే అక్కడ అంకుడు కర్రని తరిణె మీద తిప్పుతూ, ఆ రాపిడి వేడికి లక్క కడ్డీని కరిగించి ఎక్కిస్తారు. బొమ్మ వంగదు కాబట్టి ఆ పూత ఏళ్ల తరబడి నిలుస్తుంది. నా ముక్కని వంచి వదులుతూ పోతే మూడో రోజుకి సన్నటి పగుళ్లు వచ్చాయి, నీళ్లు తగిలినచోట తెల్లటి మచ్చ పడింది. వార్నిష్ అంత సులువుగా పగల్లేదు గాని పైచర్మం వైపు గోటితో గీస్తే పొలుసులా లేచిపోయింది. వెదురు చర్మం మీద సహజంగానే మైనం లాంటి పొర, దాని కింద సిలికా ఉంటాయి, వార్నిష్‌కి పట్టు దొరకదు. పట్టు కావాలంటే చర్మం గీకాలి. గీకితే విల్లు పోతుంది. గోడకి తగిలించే విల్లుకి వార్నిష్ బాగానే ఉంటుంది. ఆ వ్యాపారి విల్లుల్ని ఎవరూ వంచరు కదా. ఒకచోట లేచిపోయిన వార్నిష్‌ని మళ్లీ వెయ్యాలంటే మొత్తం గీకాలి, నూనె పూత అయితే గుడ్డ పీలికతో ఆ చోట మళ్లీ రుద్దితే చాలు. వానల్లో తిరిగే మా ఊరి విల్లుకి నాకు ఇదే పెద్ద విషయంగా తోచింది. పొగ లాంటి పూత కావాలి, అంటే ఇంట్లోవాళ్లే మళ్లీ మళ్లీ వేసుకోగలిగేది.

అవిసె నూనె నెగ్గింది. పెయింటు షాపుల్లో డబుల్ బాయిల్డ్ అని దొరికేది రెండు రోజుల్లో ఆరింది, వంచినా పగల్లేదు. దానికీ ఒక లోపం ఉంది, తేమ ఎక్కువైతే బూజు పడుతుంది. అదీగాక ఏ నూనె అయినా పైనే ఉంటుంది, లోపల పిండిపదార్థం తింటున్న పురుగుని చంపదు.

పురుగు పని పట్టింది మన హాస్టల్ వాళ్లందరికీ తెలిసిన మందే. క్యారం బోర్డు మీద గీతలు కనపడకుండా మీరు చల్లే తెల్లపొడి చాలావరకు బోరిక్ యాసిడ్. అది 2 పాళ్లు, వెలిగారం 3 పాళ్లు కలిపి, నూటికి 5 వంతున వేడినీళ్లలో కరిగించాను. రెండూ కలిస్తేనే బాగా కరుగుతాయి. లోపలివైపు, కొనల దగ్గర బ్రష్‌తో రెండుసార్లు పట్టించి, పుచ్చు కన్నాల్లోకి మెడికల్ షాపు సిరంజితో ఎక్కించాను. బూజుకి కూడా ఇదే మందు. వానకి కడుక్కుపోతుంది కాబట్టే పైన నూనె కావాలి. (చిన్నపిల్లల చేతికి అందనివ్వకండి, తర్వాత చేతులు కడుక్కోండి.) నీడలో మూడు వారాలు ఆరబెట్టాం. తర్వాత తాత మాట ప్రకారం నెలరోజులు వేన్నీళ్ల పొయ్యి పొగలో ఉంచాం, దానికి నాకు ఏ అభ్యంతరమూ కనపడలేదు. ఆపైన అవిసె నూనె మూడు పూతలు. మొదటి దానిలో మాత్రం టర్పెంటైన్ కలిపి పలచన చేశాను, లోపలికి ఇంకాలని. చివర అడవి తేనెపట్టు మైనం వేడిచేసి గుడ్డతో రుద్దాం. తమ్ముడు కోరుకున్న మెరుపు కొంత ఆ మైనంతో వచ్చింది. పిడికిలి పట్టేచోట మైనం వద్దన్నాడు తాత.

ఎవరైనా ఈ పని చేస్తే ఒక జాగ్రత్త. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యకండి. ఆరేటప్పుడు పుట్టే వేడి లోపలే చిక్కుకుని గుడ్డలు వాటంతట అవే అంటుకుంటాయి. ఇది కథ కాదు. పరిచి దండెం మీద ఆరెయ్యండి, లేదా నీళ్లలో ముంచండి.

అమ్మకం మాట మళ్లీ రాలేదు. పూతలు వేస్తున్నన్ని రోజులూ నాన్న పక్కనే కూర్చుని చూశాడు. మూడో పూత తనే వేశాడు. 2025 ఇటుకల పండగకి తమ్ముడు ఆ విల్లు వంచాడు. నాలుగు బాణాల్లో రెండు బోదెలో దిగాయి. మిగతా రెండింటికీ పడాల్సిన తిట్లు పడ్డాయి. ఆ వానాకాలం గచ్చు మీద పిండి రాలలేదు. కొత్తగా ఒక్క కన్నం కూడా కనపడలేదు.

తాతకి ఒక్క విషయంలోనే అసంతృప్తి. "ఊరి సుట్టూ వలిసె పూలే, మన వలిసెల నూనె పనికిరాదేటి?" అని అడిగాడు. అరకు వెళ్లినవాళ్లు ఆ పసుపుపచ్చ పొలాల్లో ఫొటోలు దిగే ఉంటారు. దాని అయోడిన్ విలువ 130 అటూఇటూ, అంటే ఆరీ ఆరని రకం. నా ముక్కల్లో ఏడో నంబరు అదే. వానల్లో పూశాను, నాలుగు వారాలు వేలికి అంటుకుంటూనే ఉంది. అయిదో వారంలో ఆరింది. ఇప్పటికీ వంచి చూస్తుంటాను, పగల్లేదు. అవిసె కంటే రంగు కూడా తేటగా ఉంది. ఎండలు ముదిరాక పలచగా పూసి బయట పెడితే తొందరగా ఆరాలి. ఈసారి పండగ అయ్యాక తమ్ముడి చేత ఆ పూత వేయించాలని తాత మా పొలం గింజలతో ఆడించిన నూనె ఒక సీసాలో పోసి, అమ్మ కూరలో వెయ్యకుండా తన మంచం కింద దాచుకున్నాడు.