చేవ

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. మర్నాడు పొద్దున తలుపు తీస్తే వీధి కనిపించలేదు. ఎటు చూసినా ఆకులు, కొమ్మలు, తెగిన తీగలు. మా వీధి మలుపులో ఒక గంగరావి చెట్టుండేది. దాని నీడనే ఇస్త్రీ బండి. నాలుగడుగుల మొదలు మాత్రం నిలిచి, పైచెట్టంతా రోడ్డుకు అడ్డంగా పడింది.

నాలుగు రోజులకు మనుషులొచ్చి మిషను రంపంతో దాన్ని ముక్కలు కోశారు. కోసిన ముఖం చూసి అక్కడే ఆగిపోయాను. అంచు చుట్టూ అంగుళన్నర మేర పాలిపోయిన తెలుపు. లోపలంతా ముదురు చాక్లెట్ రంగు, అక్కడక్కడ వంగపండు చాయ. పాతికేళ్లు ఆ చెట్టు కింద నడిచినవాణ్ని. పసుపుపచ్చగా విచ్చి సాయంత్రానికి ఎర్రబడే దాని పూలు తెలుసు, రావాకులాంటి దాని ఆకు తెలుసు. లోపల ఇంత దాచుకుందని తెలియదు. రెండడుగుల మొద్దు ఒకటి అడిగాను.

"పొయ్యిలోకా సార్?" అన్నాడు కోసినతను.

కాదన్నాను. మరి దేనికో అప్పటికి నాకూ తెలియదు.

ఆ ముదురు భాగాన్నే మనవాళ్లు చేవ అన్నారు. చెట్టు లావెక్కే కొద్దీ లోపలి పొరలు నీరు మోసే పని బయటి పొరలకు అప్పగించి, రంగులు, నూనెలు, బంకలు నింపుకుంటాయి. అందుకే అక్కడ పురుగు తొందరగా పట్టదు. మనిషిలోని సత్తువకూ, పట్టుదలకూ మనం వాడుకునే మాట అదే. గొడ్డలి పట్టినవాళ్లు, బాడిస పట్టినవాళ్లు కట్టెలో చూసిన గుణాన్నే మనిషిలోనూ వెతికారనిపిస్తుంది నాకు.

ఉద్యోగం బ్యాంకులో. ఆదివారం వస్తే వరండాలో గోనెపట్టా పరుచుకుని కూర్చుంటాను. ఒక బాడిస, మూడు ఉలులు, చిత్రిక, చేతి రంపం, బర్మా, కొడతి, ఆకురాయి, సానరాయి. ఇదీ నా సరంజామా. బాడిస మా ఊరి వడ్రంగి తాతది. సెలవులకు వెళ్లినప్పుడల్లా ఆయన పక్కన కూర్చుని పని చూసేవాణ్ని. చూపు మందగించాక దాన్ని నా చేతిలో పెట్టాడు. ఎవరు కట్టె తెచ్చినా ఆయన ముందుగా అడిగేది ఒకటే: "దేనికి బాబూ?" జవాబు విన్నాకే బాడిస ఎత్తేవాడు.

ఆ ప్రశ్నకు మన పల్లెల్లో ప్రతి చెట్టుకూ ఒక జవాబుండేది. బండిచక్రానికీ నాగలికీ నల్లతుమ్మ, ఎంత దెబ్బ తగిలినా ఓర్చుకుంటుంది గనక. మాంసం కొట్టే మొద్దుకు చింత. దాని నార ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి ఉంటుంది, కత్తి ఎన్నిసార్లు పడ్డా పేళ్లు లేవవు. బావి అడుగున వేసే చట్రానికి నేరేడు, నీళ్లలో నానినా కుళ్లదు. రోకలికి చండ్ర, దాని బరువే సగం పని చేసి పెడుతుంది. ఆ చేవ మండితే నిప్పు ఎంత తీక్షణంగా ఉంటుందో చెప్పడానికి మన భాషలో చండ్రనిప్పులన్న మాట ఒక్కటి చాలు.

కళల దగ్గరా ఇదే తీరు. బొబ్బిలి వీణకు పనస. కుండా దండీ ఒకే దుంగలోంచి తొలిచి తీస్తారు. కొండపల్లి బొమ్మకు బెండులా తేలికైన తెల్లపొణికి. చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఇక ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున ఆ ఊళ్లో అంకుడు కర్ర తిరుగుతుంటే చూస్తూ మధ్యాహ్నాలు గడిపాను. తిరిగే కర్రకు లక్క ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి రంగు కర్రకు చుట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో ఒత్తితే మెరుపు తేలుతుంది. ఆ ఊరికి చెట్ల రంగులను మళ్లీ అలవాటు చేసిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ రంగులు అంత తేటగా నిలవడంలో అంకుడుకూ వాటా ఉంది. ఆ కర్రకు పాలలాంటి తెలుపు, కంటికి ఆననంత సన్నటి నార.

అరుదైన కట్టె అనగానే అందరికీ ఎర్రచందనం గుర్తొస్తుంది. శేషాచలం కొండల్లో, ఆ చుట్టుపక్కల తప్ప సహజంగా పెరగని చెట్టది. అంతర్జాతీయ వ్యాపారానికి పగ్గం వేయడానికి 1995లో సైటిస్ ఒప్పందపు జాబితాలోకి ఎక్కింది. చేవ కట్టడానికి దశాబ్దాలు పట్టే ఆ చెట్టు అడవిలోనే ఉండాలని నా కోరిక. నాకు మాత్రం కొరతేముంది? బీడీ ఆకుగా మాత్రమే తెలిసిన తునికి లోపల బొగ్గులాంటి నలుపుంటుంది. వీధుల్లో నీడకోసం నాటిన నిద్రగన్నేరు చేవ కాఫీ గింజ రంగులో ఉంటుంది. టింబర్ డిపోలో అడిగితే దొరకవు. కొమ్మ విరిగిన రోజున పొయ్యిలోకి పోయేలోగా వెళ్లి అడగాలి.

గంగరావి సముద్రతీరపు చెట్టు. కాయలు నీటిమీద తేలుతూ దూరాలు పోతాయి. హవాయి దీవుల్లో దీన్నే మిలో అంటారు, దీని చేవతో తిండిగిన్నెలు తొలుస్తారు. తాత ప్రశ్నకు అక్కడ జవాబుంది. నా దగ్గర అప్పటికింకా లేదు.

మొద్దును అడ్డంగా రెండు ముక్కలు కోశాను. ఒకటి గుండ్రంగా ఉన్నది ఉన్నట్టే ఎండలో పెట్టాను. పది రోజులకు నడిరాత్రి టప్పున చప్పుడైంది. పొద్దున చూస్తే నడిబొడ్డు నుంచి బెరడు దాకా వేలు దూరేంత పగులు. ఎండేటప్పుడు కట్టె నిడివి దాదాపు తగ్గదు. నడుమ నుంచి బెరడు వైపు కొంత తగ్గుతుంది, వలయాల వెంట చుట్టూ దానికి ఇంచుమించు రెట్టింపు తగ్గుతుంది. గుండ్రటి మొద్దులో ఆ తేడాకు చోటు లేక చివరికి పగులుతుంది. తొందరపడి నేను పోగొట్టుకున్న ముక్క అది. ఇప్పటికీ దాచుకున్నాను. రెండోదాన్ని గొడ్డలి ఆనించి, కొడతితో కొట్టి నడిమికి చీల్చాను. రెండు కొసలకూ మైనం పూసి, తేదీ రాసి, నీడలో గాలి తగిలే చోట పెట్టాను. రెండు ఎండాకాలాలు, రెండు వానాకాలాలు గడిచాయి.

2017 సంక్రాంతి సెలవుల్లో దాన్ని బయటికి తీశాను. చిత్రిక ఉలిని సానరాయి మీద నీళ్లు చిలకరిస్తూ అరగంట నూరాను. ముంజేతి వెంట్రుక తాకగానే తెగింది. మొదటి తోపుకే చిత్రిక అదిరి, చెక్క ముఖం మీద చిన్న చిన్న గుంటలు పడ్డాయి. నారకు ఎదురెక్కానన్నమాట. చెక్క తిప్పి పెట్టి మళ్లీ తోశాను. ఈసారి సుర్రుమంది. చిత్రిక నోట్లోంచి పొట్టు రిబ్బనులా చుట్టుకుంటూ లేచింది. వేలితో సాపు చేసి వార్తాపత్రిక మీద పెడితే అక్షరాలు కనిపించాయి. కింద చెక్క, తడిపిన గులకరాయిలా ముదురు రంగు తేలింది. మిషను ముక్కను ఎటు పెట్టినా కోసేస్తుంది. చేత్తో చేసేవాడికి మాత్రం నార వాటం తెలుసుకోనిదే ఒక్క అంగుళం ముందుకు సాగదు. ఈ పనిలో నాకు దొరికిన సంతోషమంతా ఆ తెలుసుకోవడంలోనే ఉంది.

ఆ సాయంత్రమే చొక్కాలు తేవడానికి ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్లాను. బొగ్గుల పెట్టె పిడి నిలువునా చీలితే దానికి గుడ్డ పేలిక చుట్టి ఉంది. "వేడి దిగుతోంది బాబూ, కొత్తది కొందామంటే ఈ పట్టు దొరకదు" అన్నాడాయన. తాత ప్రశ్నకు జవాబు దొరికింది.

పాత పిడి అడిగి తెచ్చాను. ఏళ్ల తరబడి అరిగి, వేళ్లు ఆనే చోట నాలుగు పల్లాలు, బొటనవేలు దగ్గర ఒకటి. ఆ పల్లాలే నాకు కొలతలు. చేవలోంచి జానెడు ముక్క తీసి, ఇనుప కడ్డీ దూరడానికి రెండు వైపుల నుంచీ బర్మాతో తొలిచాను. రెండు బెజ్జాలూ మధ్యలో కలిసేదాకా ఊపిరి బిగపట్టాను. తర్వాత ఉలి, ఆకురాయి, చివర పగిలిన గాజుపెంకుతో గీకుడు. కళ్లు మూసుకుని పాతదీ కొత్తదీ మార్చి మార్చి పట్టుకున్నాను, తేడా తెలియనంత వరకు. అవిసెనూనె పూసి వారం ఆరబెట్టాను. కొబ్బరినూనె అయితే ఎన్నాళ్లున్నా జిడ్డుగానే ఉంటుంది, అవిసెనూనె గాలి తగిలి గట్టిపడుతుంది. నూనె తుడిచిన గుడ్డను మాత్రం ఉండచుట్టి పడేయకూడదు, తనంతట తానే వేడెక్కి అంటుకునే ప్రమాదముంది. దండెం మీద ఆరేశాను.

పిడి బిగించి ఇచ్చాను. ఆయన ఖాళీ పెట్టె ఎత్తి, దించి, మణికట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏ కర్ర బాబూ?"

వెనక్కి చూపించాను. మిగిలిన మొదలు చుట్టూ కొత్త చిగుళ్లు మనిషెత్తు కొమ్మలయ్యాయి. నీడ ఇంకా బండి దాకా రాలేదు.

ఆయన కాసేపు చెట్టు వైపు చూశాడు. తర్వాత పెట్టె మూత తెరిచి, నిప్పులు నింపి, చేతిలో ఉన్న చొక్కా పరిచాడు.